అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి

నల్గొండ జిల్లా నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి నుంచి చీలి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పల్నాడు మీదుగా అద్దంకి చేరి, మేదరమెట్ల దగ్గర కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారిలో కలిసే నాలుగు వరుసల రాష్ట్ర రహదారి ఇది. పొడవు సుమారు 212 కిలోమీటర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రహదారుల పట్టికలో దీని సంఖ్య 2. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలూ తమ తమ భాగాలకు ఆ సంఖ్యనే ఉంచుకున్నాయి. మొత్తం దారిలో ఐదింట రెండు వంతులు తెలంగాణలో, మిగిలింది ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

హైదరాబాదు నుంచి ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చెన్నై పోయేవాళ్లు విజయవాడ ముఖం చూడకుండా వెళ్లే దారి కాబట్టి దీనికి పేరొచ్చింది. కాగితం మీద రాష్ట్ర రహదారే గానీ చేసే పని మాత్రం జాతీయ రహదారి పని. ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య నడుస్తున్నా హోదా మారలేదు. ఈ దారికి సంబంధించిన చాలా విశేషాలు, చాలా చిక్కులు ఈ రెండు మాటల మధ్య నుంచే పుట్టాయి.

ముక్కోణంలో మూడో గీత

పటం ముందు పెట్టుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి (2010కి ముందు 9) హైదరాబాదు నుంచి తూర్పుగా విజయవాడకు పోతుంది. అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి (పాత నంబరు 5) నైరుతిగా దిగి గుంటూరు, చిలకలూరిపేట మీదుగా ఒంగోలు చేరుతుంది. ఒంగోలు వెళ్లాల్సినవాడు ముందు తూర్పుకు పోయి మళ్లీ వెనక్కి తిరిగినట్టే. ఆ రెండు దారులనూ కోణం దాకా పోనివ్వకుండా మధ్యలోనే కలిపే గీత ఈ రహదారి. హైదరాబాదు–ఒంగోలు ప్రయాణంలో దాదాపు 80 కిలోమీటర్లు తగ్గుతాయి. విజయవాడ, గుంటూరు ఊళ్ల రద్దీ తప్పడం దానికి అదనం. నాలుగు వరుసలు పడ్డాక కారు నడిపేవాళ్లకు కిలోమీటర్ల కంటే ఈ రెండోదే పెద్ద లాభంగా కనిపించింది.

రైలుకూ ఇదే లెక్క. బీబీనగర్ నుంచి నల్గొండ, మిర్యాలగూడ, విష్ణుపురం మీదుగా కృష్ణ దాటి నడికుడి చేరే రైలు మార్గం ఈ దారి పక్కనే నడుస్తుంది. లింగంపల్లి–తిరుపతి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఈ పట్టాల మీదే పోతుంది. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ కూడా నల్గొండ, గుంటూరు, ఒంగోలు మీదుగానే నడుస్తోంది. పిడుగురాళ్ల దాకా రైలూ రోడ్డూ జతగా వచ్చి, అక్కడి నుంచి రైలు గుంటూరు వైపు తిరుగుతుంది, రోడ్డు నేరుగా దక్షిణానికి దిగుతుంది.

నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ

హైదరాబాదు నుంచి వచ్చే బండి చౌటుప్పల్, పంతంగి టోల్‌గేటు, చిట్యాల మీదుగా నార్కట్‌పల్లి చేరి కుడివైపు తిరుగుతుంది. కొద్ది దూరంలోనే చెరువుగట్టు. గుట్ట మీది పార్వతీ జడల రామలింగేశ్వరస్వామి గుడికి అమావాస్య నాడు జనం విరగబడి వస్తారు. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలప్పుడైతే గుట్ట కింద రోడ్డు మీద బండి కదలడమే కష్టం. గుట్ట మీద మూడు గుండ్లు ఉంటాయి. వాటి మధ్య ఇరుకు సందులోంచి దూరి వస్తేనే దర్శనం పూర్తయినట్టు భక్తుల లెక్క.

నల్గొండ ఊళ్లోకి దారి వెళ్లదు, బయటి నుంచే పానగల్ పక్కగా తప్పుకుంటుంది. ఈ పానగల్ 11, 12 శతాబ్దాల్లో కందూరు చోళుల రాజధాని. ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఆ కాలపువే. ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ చెదరకుండా నిలిచి ఉంటుంది. బయటి మంటపాల స్తంభాల మీద పడి లోపలికి వచ్చే వెలుగుల అమరికే దానికి కారణం. రోడ్డు మీది నుంచి రెండు మూడు కిలోమీటర్లు కూడా లేని ఈ గుళ్లను చూడకుండానే రోజూ వేల బళ్లు వెళ్లిపోతున్నాయి. నకిరేకల్ నుంచి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా ఏర్పేడు దాకా పోయే 565వ జాతీయ రహదారి నల్గొండ దగ్గర ఈ దారిని కలుస్తుంది. ఆ దారి కిలోమీటరు రాళ్ల నెత్తిన పసుపు రంగు, ఈ దారి రాళ్ల నెత్తిన ఆకుపచ్చ రంగు. ఏది కేంద్రానిదో ఏది రాష్ట్రానిదో తెలుసుకోవడానికి అంతకు మించిన గుర్తు అక్కర్లేదు.

తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి దాటుతుండగా నేల రంగు మారుతుంది. ఎర్ర చెల్కలు, బండరాళ్ల గుట్టలు వెనకబడి వరి మళ్లు మొదలవుతాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఇది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాము నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో మారిన ఊళ్లలో ముందు చెప్పుకోవలసింది మిర్యాలగూడ. కాలువ కింద వరి పెరిగిన కొద్దీ ఊరి చుట్టూ రైస్ మిల్లులు వెలిశాయి. ఉప్పుడు బియ్యానికి, సన్న బియ్యానికి మిర్యాలగూడ పెద్ద కేంద్రం. ఇక్కడి బియ్యం లారీలు రెండు వైపులా పోతాయి: హైదరాబాదుకు పైకి, తమిళనాడు, కేరళలకు కిందికి.

వానాకాలం పంట చేతికొచ్చే కార్తీకంలో ఈ రోడ్డును చూడాలి. కోత మిషను నుంచి నేరుగా పచ్చి వడ్లతో నిండిన ట్రాక్టర్లు మిల్లుల గేట్ల ముందు వరస కడతాయి. వడ్లలో తేమ ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే రంగు మారతాయన్న భయం రైతుకు. ధర తగ్గించి అడుగుతారన్న అనుమానం అంతకంటే ఎక్కువ. వరస పెరిగి రోడ్డెక్కుతుంది. ఒక్కోసారి ఒకవైపు వరసంతా ట్రాక్టర్లదే అవుతుంది, చెన్నై బస్సు వాటి వెనక నిలబడుతుంది. రద్దీ అదుపు తప్పినప్పుడు అధికారులు టోకెన్లు ఇచ్చి రోజుకు ఇన్ని ట్రాక్టర్లని లెక్క పెట్టిన సీజన్లూ ఉన్నాయి. మిల్లుకు పోనివాళ్లు వడ్లను రోడ్డు వారనే ఆరబోస్తారు. నల్లగా కాగిన తారు మీద వడ్లు తొందరగా ఆరతాయి. బళ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు, సాయంత్రం వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. రాత్రిపూట మోటారుసైకిలు మీద వచ్చేవాడికి ఆ రాయి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

జడ్చర్ల, కల్వకుర్తి వైపు నుంచి వచ్చి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే 167వ జాతీయ రహదారి మిర్యాలగూడలో అడ్డంగా దాటుతుంది. తరవాత దామరచర్ల. ఈ మండలంలోని వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. ఆ నిర్మాణం మొదలైన దగ్గర నుంచి తెలంగాణలోని ఈ చివరి పాతిక కిలోమీటర్ల మీద బరువు బళ్ల సంఖ్య బాగా పెరిగింది.

వాడపల్లి

మొత్తం దారిలో ఎక్కడైనా ఆగాలంటే ఇక్కడే ఆగాలి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు ఇది. హైదరాబాదు నడిబొడ్డున వదిలేసి వచ్చిన మూసీ ఇక్కడ మళ్లీ ఎదురుపడుతుంది, నగరం మురుగును కూడా వెంట తెచ్చుకుని. సంగమం దగ్గర మీనాక్షీ అగస్త్యేశ్వరాలయం, లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నాయి. నరసింహస్వామి గర్భగుడిలో స్వామి ముఖం ఎత్తున పెట్టిన దీపం రెపరెపలాడుతుంది, పాదాల దగ్గరి దీపం కదలదు. స్వామి ఊపిరి తగిలి పై దీపం ఆడుతుందని భక్తుల నమ్మకం. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు నల్గొండ జిల్లాలో జనం ఎక్కువగా వచ్చిన ఘాట్లలో వాడపల్లివి ఉన్నాయి. ఎదుటి ఒడ్డున పొందుగులలో ఆంధ్రప్రదేశ్ వేరే ఘాట్లు కట్టింది. ఒకే నీళ్లలో రెండు ప్రభుత్వాల పుష్కరాలు.

ఈ రేవుకు నిజాం కాలంలో వజీరాబాదు అనే పేరు కూడా ఉండేది. అప్పట్లో కృష్ణకు ఉత్తరాన హైదరాబాదు రాజ్యం, దక్షిణాన మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లా. 1953 అక్టోబరు 1 నుంచి దక్షిణపు ఒడ్డు ఆంధ్ర రాష్ట్రమైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో హద్దు చెరిగి, నది ఒక రాష్ట్రం లోపలి నదిగా మారింది. ఈ దారి మొత్తానికి ఒకే నంబరు రావడం, వంతెన, నాలుగు వరుసలు ఒకే పథకం కింద పడడం ఆ 58 ఏళ్ల పుణ్యమే. 2014 జూన్ 2న హద్దు మళ్లీ పాత చోటికే వచ్చింది.

సున్నపురాయి రెండు ఒడ్లలోనూ ఒకటే. వాడపల్లి దగ్గరి విష్ణుపురంలో బి.వి.రాజు పెట్టిన రాశి సిమెంటు కర్మాగారాన్ని 1990ల చివర ఇండియా సిమెంట్స్ తీసుకుంది. ఈ చుట్టుపక్కల మరికొన్ని సిమెంటు కర్మాగారాలు, నది అవతల పల్నాడులో ఇంకొన్ని. ఈ రోడ్డు మీద వచ్చే బరువులో సిమెంటు, క్లింకర్, బొగ్గు లారీల వాటా పెద్దది. రోడ్డు అరిగేది కార్ల వల్ల కాదు, వీటి వల్ల. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపుతో ఆగదు, సుమారు 16 రెట్లవుతుందని రహదారి ఇంజనీర్ల లెక్క.

పల్నాడు మీదుగా

వంతెన దిగగానే పొందుగుల, ఆ తరవాత దాచేపల్లి. పల్నాటి యుద్ధానికి పేరుపడ్డ కారెంపూడి దగ్గర పారే నాగులేరే దాచేపల్లిలో ఈ దారిని దాటుతుంది. వాన గట్టిగా పడితే ఈ ఏరు పొంగడం ఇక్కడివాళ్లకు అలవాటే. నడికుడి రైల్వే జంక్షన్ పక్కనే. గురజాల, మాచర్ల వెళ్లేవాళ్లు ఇక్కడ తప్పుకుంటారు.

పిడుగురాళ్ల సున్నానికి పేరుపడ్డ ఊరు. సున్నపురాయిని బొగ్గుతో కలిపి బట్టీల్లో కాల్చి సున్నం తీస్తారు. చక్కెర మిల్లులు, ఉక్కు కర్మాగారాలు, రంగులు, నీటి శుద్ధి, ఇలా ఎన్నింటికో ఆ సున్నం వెళ్తుంది. బట్టీలున్న చోట చెట్ల ఆకులు కూడా తెల్లగానే కనిపిస్తాయి. ఊరు దాటాక కొండమోడు. హైదరాబాదు నుంచి ఈ దారిన వచ్చే గుంటూరు బస్సులు ఇక్కడ తూర్పుకు తిరిగి సత్తెనపల్లి, పేరేచర్ల మీదుగా గుంటూరు చేరతాయి. దాదాపు 50 కిలోమీటర్ల కొండమోడు–పేరేచర్ల దారిని జాతీయ రహదారిగా మార్చి నాలుగు వరుసలకు పెంచే పని చేపట్టారు. పల్నాటి జనం ఏళ్ల తరబడి అడిగిన రోడ్డు అది.

కొండమోడు నుంచి దారి రాజుపాలెం, నకరికల్లు అడ్డరోడ్డు, రొంపిచర్ల ప్రాంతం మీదుగా సంతమాగులూరు వైపు దిగుతుంది. జిల్లా కేంద్రమైన నరసరావుపేట దీనికి తూర్పుగా మిగిలిపోతుంది. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లాను విడదీసి ఆ ఊరు కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పరిచారు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ఎత్తైన ప్రభలు కట్టుకుని పోయే ఊళ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అప్పుడు వాహనాలు మళ్లించక తప్పదు. నకరికల్లు దగ్గర సాగర్ కుడి కాలువ వస్తుంది. నల్గొండ వైపు ఎడమ కాలువను దాటి వచ్చిన దారి ఇక్కడ కుడి కాలువను దాటుతుంది. గోదావరి నీళ్లను పెన్నాకు తీసుకెళ్లే పథకం మొదటి దశకు గమ్యంగా ఎంచుకున్నది కూడా నకరికల్లు దగ్గరి ఈ కాలువనే.

ఇక్కడి నేల నల్లరేగడి. మిరపకూ పత్తికీ ఎంత మంచిదో రోడ్డుకు అంత చెడ్డది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు కొన్నేళ్లకు అలల్లా లేస్తుంది. కింద మట్టి మార్చి, సున్నం కలిపి గట్టిపరచి, కట్ట ఎత్తు పెంచి, నీరు పక్కకు పోయేలా చేస్తే గానీ నిలవదు. సున్నం బట్టీల ఊరు పక్కనే నేలకు సున్నం కావలసి రావడం చూస్తే నవ్వొస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ మేర ప్రయాణిస్తే రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు కనిపిస్తాయి. కారు అద్దాలు మూసి ఉన్నా ఘాటు తెలుస్తుంది. అవన్నీ తరవాత గుంటూరు మిర్చి యార్డుకు చేరేవి.

అద్దంకి, మేదరమెట్ల

సంతమాగులూరు అడ్డరోడ్డు దగ్గర గుంటూరు నుంచి వినుకొండ, కర్నూలు పోయే దారి తగులుతుంది. దాని కింద బల్లికురవ ప్రాంతం గ్రానైటుకు పేరు. బూడిద రంగు దిమ్మెలు ఇక్కడి క్వారీల నుంచి మార్టూరు పాలిషింగ్ యూనిట్లకు వెళ్తాయి. ఒక్కో లారీ మీద రెండు మూడు దిమ్మెలే ఉంటాయి, చూడ్డానికి బండి ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. బరువు మాత్రం ఇరుసులు విరిగేంత.

అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న పాత ఊరు. తెలుగు పద్యం పుట్టుక గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ ఊరి పేరు ఎత్తకుండా ఉండలేరు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించిన శాసనం ఇక్కడ దొరికింది. తొమ్మిదో శతాబ్ది నడుమ నాటి ఆ శాసనంలోని తరువోజ ఇంతవరకు దొరికిన తొలి తెలుగు పద్యాల్లో ఒకటి. పండరంగడు బోయ కొట్టాలు పన్నెండు గెలిచిన సంగతి, కందుకూరును బెజవాడంతటిదిగా చేసిన సంగతి అందులో ఉన్నాయి. కందుకూరు, బెజవాడ అనే పేర్లు అప్పటికే ఒక వరసలో పలికాయన్నమాట. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజుల తొలి రాజధాని కూడా ఇదే. ప్రోలయ వేమారెడ్డి కొలువులోనే ఎర్రాప్రగడ హరివంశం రాసి ఆయనకు అంకితమిచ్చాడు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడిగా కూడా ఆ రాజుకు పేరుంది. యాత్రికుల బాట బాగుచేయడం అప్పట్లో రాజు కీర్తి. తరవాత రాజధాని కొండవీటికి మారింది. అద్దంకి దగ్గర శింగరకొండ ప్రసన్నాంజనేయస్వామి గుడి ఇప్పుడు ఊరి పేరును నిలబెడుతోంది. 2022 పునర్విభజనలో అద్దంకి ప్రాంతాన్ని ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాకు మార్చారు.

గుండ్లకమ్మ దాటి కొరిశపాడు మండలంలోని మేదరమెట్ల చేరితే దారి పూర్తయినట్టే. అక్కడ 16వ జాతీయ రహదారి ఎక్కితే ఒంగోలు అరగంట.

నాలుగు వరుసలు పడిన తీరు

చాలాకాలం ఇది రోడ్లు, భవనాల శాఖ చూసుకునే రెండు వరుసల రోడ్డు. ఊళ్ల మధ్య నుంచి పోయేది, ఎదురు లారీకి దారిచ్చి ముందుకు సాగాల్సి వచ్చేది. 2000ల తరవాత హైదరాబాదు–దక్షిణ కోస్తా రాకపోకలు పెరిగేసరికి అది చాలలేదు. అప్పటి ప్రభుత్వం తన ఖజానా నుంచి కాక, కట్టి–నడిపి–తిరిగిచ్చే పద్ధతిలో ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 1998 చట్టంతో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రహదారి అభివృద్ధి సంస్థ తరఫున 2010లో ఒప్పందం జరిగింది. రాంకీ, మలేసియాకు చెందిన ఐజేఎం సంస్థలు కలిసి ఇందుకోసం ఒక కంపెనీ పెట్టాయి. నార్కట్‌పల్లి, అద్దంకి, మేదరమెట్ల పేర్ల మొదటి అక్షరాలతో దానికి నామ్ ఎక్స్‌ప్రెస్‌వే అని పేరొచ్చింది. రాష్ట్రం విడిపోయేనాటికి నాలుగు వరుసలు వాడకంలోకి వచ్చేశాయి.

ఈ పద్ధతిలో కంపెనీ అప్పు తెచ్చి రోడ్డు వేస్తుంది, ఒప్పందం ఉన్నన్నాళ్లూ టోల్ వసూలు చేసుకుని అప్పు తీర్చుకుంటుంది, నిర్వహణ కూడా దానిదే. ప్రభుత్వానికి చేతి డబ్బు పెద్దగా తగలదు. రాకపోకలు ఇంత ఉంటాయన్న అంచనా మీదే మొత్తం లెక్క నిలబడి ఉంటుంది కాబట్టి, ఆ అంచనాను చెడగొట్టే ప్రతిదీ కంపెనీకి తగాదా అవుతుంది. ఇసుక లారీలు ఆగినా, సిమెంటు అమ్మకాలు తగ్గినా, సరిహద్దు మూసినా టోల్‌గేటు దగ్గర తెలుస్తుంది. నల్గొండ జిల్లాలో మాడుగులపల్లి, పల్నాడులో తుమ్మలచెరువు టోల్‌ప్లాజాలు ఈ దారిన పోయేవాళ్లందరికీ తెలిసినవే.

ప్రయాణికులు తరచూ తికమకపడే సంగతి ఒకటుంది. 2025 ఆగస్టు 15న కేంద్రం 3,000 రూపాయలకు మొదలుపెట్టిన ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారులకూ జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకూ మాత్రమే వర్తిస్తుంది. పంతంగి గేటు దగ్గర పని చేసిన పాస్ గంట తరవాత మాడుగులపల్లిలో చెల్లదు. గేటు దగ్గర సిబ్బందితో ఎంత వాదించినా లాభం లేదు, ఇది రాష్ట్ర రహదారి.

విభజన తరవాత

ఒక రాష్ట్రం చేసుకున్న ఒకే ఒప్పందం, ఒకే కంపెనీ, ఒకే దారి 2014 జూన్ నుంచి రెండు రాష్ట్రాల కిందికి వచ్చాయి. రోడ్డు మీద మొదట తగిలిన మార్పు రవాణా పన్ను. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ తన గడ్డ మీదికి వచ్చే ఆంధ్రప్రదేశ్ వాణిజ్య వాహనాలకు పన్ను వేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా బదులుగా అదే పని చేసింది. నిన్నటిదాకా ఒక పర్మిట్‌తో మిర్యాలగూడ నుంచి అద్దంకి పోయిన లారీకి రెండో రాష్ట్రం తాత్కాలిక పర్మిట్ కావలసి వచ్చింది. రెండు రాష్ట్రాలకూ చెల్లే ఒకే పర్మిట్ కావాలని లారీ యజమానులు అడుగుతూ వచ్చారు.

ఆయిలు ధర రెండోది. ఆంధ్రప్రదేశ్ 2015లో పెట్రోలు, డీజిలు మీద అదనపు వ్యాట్ వేసినప్పటి నుంచి ధర తేడా డ్రైవర్ల లెక్కల్లోకి వచ్చింది. దక్షిణానికి పోయే లారీ దామరచర్ల, వాడపల్లి బంకుల్లో ట్యాంకు నింపుకుని వంతెన ఎక్కుతుంది. 2019 తరవాత ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు పెరిగి బ్రాండ్లు మారడంతో తెలంగాణ సీసాలు దొంగచాటుగా నది దాటడం మొదలైంది. పొందుగుల చెక్‌పోస్టు పేరు రోజూ పేపర్లలో కనిపించిన కాలం అది. రేషను బియ్యం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

హద్దు అంటే ఏమిటో మామూలు ప్రయాణికుడికి తెలిసింది మాత్రం కరోనా కాలంలోనే. 2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పాసులు పట్టుకుని సొంతూళ్లకు బయల్దేరిన వందల మందిని పొందుగుల దగ్గర ఆపేశారు. క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే రానిస్తామని ఇటు, రాసిచ్చిన పాసు ఉందని అటు. రాళ్లు రువ్వుకునేదాకా పోయింది. మరుసటి ఏడు మే నెలలో తిరగబడింది. హైదరాబాదు ఆసుపత్రులకు రోగులతో వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపారు. 2021 మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలను నిలిపివేసింది. ఈ మధ్యలో రెండు ఆర్టీసీల మధ్య కిలోమీటర్ల లెక్క తేలక అంతర్రాష్ట్ర బస్సులు నెలల తరబడి ఆగిపోయి, 2020 నవంబరులో ఒప్పందం కుదిరాక కదిలాయి. వంతెనకు అటూ ఇటూ పెళ్లి సంబంధాలున్న ఊళ్లకు ఇవన్నీ కొత్త అనుభవాలు. వాళ్ల తాతల కాలం నాటి హద్దే అది, మధ్య తరానికి తెలియదు.

అడ్డరోడ్లు, ప్రమాదాలు

రాత్రి బస్సులు, లారీలు ఎక్కువ కావడంతో తెల్లవారుజాము ప్రమాదాలు ఈ దారిలో తరచూ వినబడతాయి. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని వెనక నుంచి గుద్దడం అందులో ఎక్కువ. కానీ అసలు ఇబ్బంది అడ్డరోడ్ల దగ్గర ఉందని ఈ దారి పక్క ఊళ్లవాళ్లు ఎవరినడిగినా చెబుతారు. నడుమ డివైడరు కట్టాక పొలం ఒకవైపు, ఊరు ఒకవైపు అయ్యాయి. డివైడరు తెరిచి ఉన్న చోటికి పోయి తిరిగి రావాలంటే రెండు మూడు కిలోమీటర్లు. గడ్డిమోపు పెట్టుకున్న మోటారుసైకిలుకు ఆ పెట్రోలు దండగ అనిపిస్తుంది, ఎదురు దారిలో రోడ్డు వారగా వచ్చేస్తుంది. అటు నుంచి నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు డ్రైవరు దాన్ని ఊహించడు. తప్పు ఎదురొచ్చినవాడిదే అని రాసి కేసు ముగించడం తేలిక. ఊరికొక అండర్‌పాస్, కొంతమేర సర్వీసు రోడ్డు మొదట్లోనే వేసి ఉంటే ఆ తప్పు చేసే అవసరం చాలామందికి ఉండేది కాదు. జాతీయ రహదారి వేగాన్ని రాష్ట్ర రహదారి ఖర్చుతో సాధించబోయిన చోట కోత పడింది వీటికే.

చుట్టూ వస్తున్న దారులు

ఈ దారిని ఇప్పుడు జాతీయ రహదారులు నాలుగు వైపుల నుంచీ కలుస్తున్నాయి. నకరికల్లు దగ్గర నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల మీదుగా వాడరేవు సముద్రం దాకా 167ఏ జాతీయ రహదారిని పెంచుతున్నారు. అంతకన్నా పెద్దది బెంగళూరు–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే. కొడికొండ చెక్‌పోస్టు నుంచి పులివెందుల మీదుగా కొత్తగా వేస్తున్న ఈ 544జి రహదారి అద్దంకికి దగ్గర్లోని ముప్పవరం వద్ద 16వ జాతీయ రహదారిలో కలుస్తుంది. అది పూర్తయితే అద్దంకి ప్రాంతంలో హైదరాబాదు–చెన్నై రాకపోకలు, బెంగళూరు–విజయవాడ రాకపోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. వాటిలో మొదటిది నడిచే దారి రాళ్ల మీద మాత్రం ఇంకా ఆకుపచ్చ రంగే ఉంది.